పదమూడు చేపల సాక్ష్యం

అక్టోబరు అయిదున, మధ్యాహ్నం రెండు గంటల వేళ, కినికినిక్ ఏటి గులకరాళ్ళ ఒడ్డున డెల్ఫీన్ ఆంత్వాన్ ఒక చచ్చిన సాల్మన్ చేపను బూటు మొనతో పొర్లించింది. ఆ ఏడు చూసినవాటిలో అది నాలుగు వందల మూడోది. వీపు మీద బిళ్ళ లేదు.

“లేదు,” అంది.

ఆమె పిన్ని కూతురు కొరీన్ అట్ట మీది కాగితంలో గీత గీసి, “మళ్ళీ లేదా! ఆంబ్రోస్ అన్నయ్య వింటే ఎగిరి గంతేస్తాడక్కా,” అంది. రేపు ఇటు వచ్చినవాళ్ళు దీన్నే మళ్ళీ లెక్కలో వేసుకోకుండా కత్తితో ఒక్క వేటు వేసి చేపను రెండు ముక్కలు చేసింది.

డెల్ఫీన్ నవ్వలేదు. తొడుగు లోపల కుడిచేతి వేళ్ళను ఒకసారి ముడిచి చూసుకుంది. బొటనవేలు, దాని పక్కనున్న రెండు వేళ్ళు తనవి కానట్టే ఉన్నాయి.

ఆ ఏట్లోకి ఎన్ని చేపలు వచ్చాయో తెలుసుకునే పద్ధతి ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. సెప్టెంబరు మొదట్లో కింది మలుపు దగ్గర వల లాగి, పడ్డ చేపలకు వీపు మీద ఎర్ర బిళ్ళ బిగించి మళ్ళీ ఏట్లో వదిలేస్తారు. అవి మిగతా చేపల్లో కలిసిపోయి పైకి ఈదుకుంటూ పోతాయి. గుడ్లు పెట్టాక సాల్మన్ బతకదు. నెల తిరిగేసరికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన చేపల్ని చూసుకుంటూ పోతే, పదింటికి ఒకదానికి బిళ్ళ ఉందనుకోండి, ఏరంతటిలోనూ పదింటికి ఒకదానికి ఉన్నట్టే. బిళ్ళ కట్టినవి నాలుగు వందల ఎనభై కాబట్టి మొత్తం నాలుగు వేల ఎనిమిది వందలు. అదే ఇరవైకి ఒకదానికే ఉంటే దానికి రెట్టింపు. బిళ్ళలు ఎంత తక్కువ కనబడితే ఏట్లో అంత ఎక్కువ చేపలున్నట్టు.

ఆ ఏడు నాలుగు వందల మూడు చేపల్లో పదకొండింటికే బిళ్ళలు కనబడ్డాయి. లెక్క వేస్తే పదిహేడు వేల అయిదు వందలు దాటుతోంది. అంతకు ముందటేడు ఆరు వేలు.

సర్కారుతో ఊరికి ఒక ఒప్పందముంది. శరదృతువు లెక్క పది వేలు దాటితే వచ్చే వేసవికి ఏట్లో వలలు వేసుకోవచ్చు, దాటకపోతే మరో ఏడాది మూత. అప్పటికి నాలుగేళ్ళుగా మూతే. ఎండబెట్టే పందిళ్ళ మీద నాలుగేళ్ళుగా ఒక్క చేప వేలాడలేదు. డెల్ఫీన్ అన్నయ్య ఆంబ్రోస్ చేపల కమిటీకి పెద్ద. పదిహేడు వేలన్న మాట చెవిన పడిన రోజే అతను గ్యారేజీలోంచి తండ్రినాటి వల బయటికి తీసి కంచె మీద పరిచాడు.

ఊరంతా పండగ చేసుకుంటుంటే డెల్ఫీన్‌కు మాత్రం ముద్ద దిగడం లేదు. ఆ నాలుగు వందల ఎనభై బిళ్ళలూ బిగించింది ఆమే.

డెల్ఫీన్‌కు యాభై ఒకటో ఏడు. ఏడాదంతా ఊరి బడి బస్సు నడుపుతుంది. సెప్టెంబరులో మూడు వారాలు సెలవు పెట్టి ఏట్లో దిగుతుంది. పదిహేడేళ్ళుగా అదే అలవాటు. తొట్టిలో తన్నుకుంటున్న చేపకు కొరీన్ ముందుగా ఎడమ మొప్ప రేకు మీద పంచ్ పరికరంతో చిన్న గుండ్రటి రంధ్రం పొడుస్తుంది. అది రెండో గుర్తు, బిళ్ళ ఊడినా ఉండిపోతుంది. ఆ తర్వాత డెల్ఫీన్ వీపు రెక్క కింద సన్నటి తీగసూది గుచ్చి, ఇటో బిళ్ళ అటో బిళ్ళ దూర్చి, తీగ కొసను పట్టకారుతో మెలితిప్పి ముడేస్తుంది. అంతా కలిపి ఇరవై సెకన్లు. ఆ ముడి చూడటానికి పక్క ఏటివాళ్ళు కూడా వచ్చి వెళ్ళేవారు. భర్త పోయాక బస్సూ ఇల్లూ తప్ప మరో లోకం లేని మనిషికి తన పేరు నలుగురి నోటా పలికేది ఆ మూడు వారాలే.

వేళ్ళ తిమ్మిరి మార్చిలో మొదలైంది. ఒకరోజు వంటింట్లో కాఫీ కప్పు జారింది, ఇంకోరోజు చొక్కా బొత్తాం పట్టు చిక్కలేదు. డాక్టరు దగ్గరికి వెళితే బస్సు వద్దంటాడని భయం, ఏట్లోకి దిగొద్దంటాడని అంతకన్నా భయం. ఎవరికీ చెప్పలేదు. తీరా సెప్టెంబరు నీళ్ళల్లో చెయ్యి పెట్టాక, అయిదో రోజున పట్టకారు రెండుసార్లు జారి నీళ్ళలో పడింది. కొరీన్ నవ్వి, “పెళ్ళికూతురిలా ఆ వణుకేంటక్కా?” అంది. డెల్ఫీన్ కూడా నవ్వేసింది. ముడి పడిందో లేదో వేలితో తడిమి చూసే అలవాటు ఆమెది. ఆ ఏడు తడిమితే ఏమీ తెలియలేదు. పడే ఉంటుందిలే అనుకుని చేపను వదిలేసింది. ఆ రోజూ, ఆ మర్నాడూ, ఆపై రెండు రోజులూ అలాగే అనుకుంది.

ఇప్పుడు ఒక్కటే ప్రశ్న ఆమె బుర్ర తొలిచేస్తోంది. బిళ్ళలు తక్కువ దొరుకుతున్నది చేపలు ఎక్కువై కాదు, తను కట్టినవి ఊడిపోయి అయితే?

ఆరో తారీఖు పొద్దున్న ట్రక్కు దిగుతూనే, “కొరీన్, నువ్వు మొప్ప రేకులు చూస్తున్నావా?” అని అడిగింది.

“ఏ మొప్పలు?”

“రంధ్రం గడి ఉందిగా కాగితంలో. బిళ్ళ లేనివాటన్నిటికీ ‘లేదు’ అని రాశావు. చూసే రాశావా?”

కొరీన్ పెన్సిలు చెవి వెనకనుంచి తీసి మళ్ళీ అక్కడే పెట్టుకుంది. “ఎలుగుబంట్లు సగం తలకాయలు తినేసి పోతుంటే ఏం చూడమంటావక్కా? బిళ్ళ లేకపోతే రంధ్రం మాత్రం ఎక్కడినుంచి వస్తుందని రాసేశాను.” ఆగి డెల్ఫీన్ మొహంలోకి చూసింది. “ఏమైంది? అలా పాలిపోయావేంటి?”

“ఇవాళ్టినుంచి తలలున్న చేపల్నే లెక్క వేద్దాం. రేకు తిప్పి నేను చూస్తాను.”

ఆ రోజు తలలున్నవి ముప్పై ఒకటి దొరికాయి. ఒక్కో తలనూ వంగి, ఎడమ మొప్ప ఎత్తి, బురద కడిగి చూసింది. ప్రతిదానికీ ముందు ఊపిరి బిగపట్టడం, ఏమీ లేదని తేలాక వదలడం. పందొమ్మిదోదాని రేకు మీద బఠాణీ గింజంత గుండ్రటి రంధ్రం కనబడింది. వీపు వంక చూసింది. వీపు నున్నగా ఉంది.

“ఇది ఎలుగు పనే అయ్యుంటుంది,” అంది కొరీన్ వెంటనే. “పంజాతో గీకేసుంటుంది.”

“గీకితే చర్మం చిరగదూ?”

“నీళ్ళల్లో దుంగకు తగిలి ఊడి ఉంటుంది. ఒక్క చేపకే ఇంత కంగారైతే ఎలా?”

ఒక్క చేపే. డెల్ఫీన్ ఆ మాట గట్టిగా పట్టుకుంది. నాలుగు వందల ఎనభైలో ఒకటి ఊడటం పెద్ద వింతేమీ కాదు. ఎనిమిదో తారీఖున ఇంకొకటి కనబడింది. తొమ్మిదిన రెండు రంధ్రాలు కనబడితే రెంటికీ బిళ్ళలున్నాయి. ఆ రోజు ఇంటికెళ్ళి మూడు రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తింది. పదో తారీఖున మళ్ళీ ఒకటి, పన్నెండున ఇంకొకటి బిళ్ళ లేకుండా వచ్చాయి. లెక్క ఒకసారి అటూ ఒకసారి ఇటూ ఊగుతూనే ఉంది. ఏటి ఒడ్డున నడుస్తున్నంతసేపూ తను ఏది కోరుకుంటున్నదో ఆమెకే అర్థం కాలేదు. రంధ్రం కనబడకూడదని ఒక అడుగు, బిళ్ళతో సహా కనబడాలని ఇంకో అడుగు.

దార్లో ఆంబ్రోస్ ఎదురుపడేవాడు. ట్రక్కు అద్దం దించి, “ఏమ్మా, ఇవాళెన్ని లేవు?” అని అడిగేవాడు. ఎన్ని ఉన్నాయని కాదు, ఎన్ని లేవని! “మటిల్డా పెద్దమ్మకి చెప్పేశాను. వచ్చే జులైకి తాజా చేప తలకాయ పులుసు తాగిస్తానని మాటిచ్చాను. ముసలామె అప్పటిదాకా చావనని ఒట్టేసింది.”

డెల్ఫీన్ చలిగా ఉందని చెప్పి గబగబా నడిచి వెళ్ళిపోయింది.

పద్నాలుగో తారీఖున పై మలుపులో, పడిపోయిన కాటన్‌వుడ్ మాను కింద, ఒక పెద్ద ఆడచేప కనబడింది. రేకు మీద రంధ్రం ఉంది. వీపు మీద బిళ్ళ లేదు గాని ఏదో తళుక్కుమంది. డెల్ఫీన్ మోకాళ్ళ మీద కూర్చుంది. తీగసూది ఇంకా కండలోనే ఉంది. రెండు బిళ్ళలూ పోయాయి. తీగ కొస మెలికంతా విడిపోయి, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు ఇంచుమించు తిన్నగా నిలబడి ఉంది. దుంగకు తగిలితే చర్మం చిరిగేది. ఎలుగు లాగితే తీగ కూడా పోయేది. ముడే పడలేదు.

ఆమె తొడుగు తీసి ఆ తీగ కొసను పట్టుకుంది. పట్టుకున్నట్టు కంటికి కనబడింది గాని వేలికి తెలియలేదు.

“కొరీన్, ఇది నా పనే,” అంది. “మార్చినుంచీ నా వేళ్ళకి స్పర్శ లేదు.”

కొరీన్ కూడా రాళ్ళ మీద చతికిలబడింది. “మరి చూడకుండా ‘లేదు’ అని రాసింది నేను. ఇద్దరం కలిసి మునిగాం.” మెల్లగా, “ఈ ఒక్క చేపనీ నరికేసి ఏట్లోకి తోసేద్దామా?” అంది.

డెల్ఫీన్ ఆమె వంక చూసింది. ఆ ఆలోచన తనకు రాలేదని చెప్పలేదు. “మనం కట్టుకథ పంపిస్తే, సర్కారువాళ్ళు వలలు వేసుకోమంటారు. చేపలే లేకపోతే ఆ వల్లో పడేవి ఏవి? రేపు గుడ్లు పెట్టాల్సినవే పడతాయి.”

“ఉన్నాయేమో అక్కా. నీకేం తెలుసు?”

“అదేగా. నాకు తెలీదు.”

ఊరి ఆఫీసులో చేపల లెక్కలు చూసేవాడు వెస్లీ ఫ్రీసెన్. ఎనిమిదేళ్ళ కింద ఉద్యోగానికొచ్చి ఇక్కడే ఉండిపోయిన సన్నటి మనిషి. డెల్ఫీన్ ఆ తీగను ప్లాస్టిక్ సంచీలో వేసి అతని బల్ల మీద పెట్టి, మార్చి నెలనుంచి మొదలుపెట్టి అన్నీ చెప్పింది. చెప్తున్నంతసేపూ చేతులు ఒళ్ళో దాచుకుంది. ఏటి పని పోయిందనే అనుకుంది.

వెస్లీ కాగితాలు ముందేసుకున్నాడు. ఆరునుంచి పద్నాలుగు దాకా తలలున్న చేపలు రెండు వందల అరవై రెండు. వాటిలో రంధ్రాలున్నవి పదమూడు. ఆ పదమూడులో బిళ్ళలున్నవి ఎనిమిది, లేనివి అయిదు. బిళ్ళల్నిబట్టి పోతే పదిహేను వేల ఏడు వందలు. రంధ్రాల్నిబట్టి పోతే తొమ్మిది వేల ఆరు వందల డెబ్బై నాలుగు.

“పది వేలకు తక్కువ,” అంది డెల్ఫీన్.

“తక్కువో ఎక్కువో నేను చెప్పలేనండీ,” అన్నాడు వెస్లీ కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంటూ. “పదమూడు చేపలతో మనకు తెలిసేది ఇంతే. ఇంకో రెండు రంధ్రాలు తగిలుంటే ఎనిమిది వేలయ్యేది. రెండు తగ్గుంటే పదకొండు దాటేది. అసలు నిజం ఆరు వేలనుంచి పదహారు వేల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. మధ్యలో ఎక్కువ నమ్మకం తొమ్మిది, పది మీద.”

“ఇంకా చూస్తే?”

“ఏముంది చూడ్డానికి? మొన్నటి వానకు ఒడ్డునున్నవన్నీ కొట్టుకుపోయాయి. ఈ ఏడాదికి ఇంతే.” సంచీ వెనక్కి జరిపాడు. “శనివారం కమిటీ మీటింగులో మీరే చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“నేనే చెప్తాను,” అంది.

శనివారం మధ్యాహ్నం హాలులో అరవై మంది దాకా చేరారు. మూస్ దుప్పి మాంసం పులుసు, బానక్ రొట్టె బల్ల మీద ఉన్నాయి. మాటలు అయ్యాక తిందామని ఆంబ్రోసే అన్నాడు. డెల్ఫీన్ లేచి నిలబడి తల దించుకుని చెప్పింది. కొరీన్ పక్కన నిలబడి తన తప్పు తను ఒప్పుకుంది. వెస్లీ లెక్క చెప్పాడు.

ఆంబ్రోస్ మొహం కందగడ్డలా అయింది. “వేళ్ళు పని చెయ్యట్లేదని మార్చిలో చెప్పడానికి నోరు లేదా నీకు? ఊళ్ళో ఇంకెవరికీ చేతుల్లేవా?”

“తప్పేనన్నయ్యా.”

“నీ పరువు కోసం ఊరంతా ఇంకో ఏడు కొట్టు డబ్బాల్లో చేప తినాలి! పైగా నువ్వే వచ్చి చెప్పకపోతే ఎవడికి తెలిసేది?”

“నాకు తెలిసేది,” అంది డెల్ఫీన్.

ముందు వరసలో కూర్చున్న మటిల్డా పెద్దమ్మకు ఎనభై ఆరేళ్ళు. కర్ర నేలకు తాటించి వెస్లీ వైపు తిరిగింది. “ఏమబ్బాయ్, ఏట్లో ఉన్న వేల చేపల సంగతీ నీకు ఆ పదమూడే చెప్పాయా?”

“అవునండీ.”

“మా ఇంట్లోనే పదమూడు మందిమి. ఒకళ్ళ మాట ఒకళ్ళకి పొసగదు. వాళ్ళనడిగి ఊరి సంగతి చెప్పేస్తావా నువ్వు?”

నవ్వులు లేచాయి. వెస్లీ కూడా నవ్వాడు. “మీ ఇంట్లోవాళ్ళనే అడిగితే చెప్పలేనండీ. ఊళ్ళో కళ్ళు మూసుకుని పదమూడు గుమ్మాలు తట్టితే కొంచెం చెప్పగలను. గట్టిగా చెప్పలేను.”

“అయితే గట్టిగా తెలీదు.”

“తెలీదండీ.”

“ఆ తెలీదనేదే రాసి పంపించు,” అంది ముసలామె. “పులుసు చల్లారిపోతోంది.”

కమిటీవాళ్ళు ఓటు పెట్టారు. తొమ్మిది వేల ఆరు వందల లెక్కా, ఆరునుంచి పదహారు వేల దాకా ఉన్న అనుమానమూ రెండూ రాసి పంపాలని ఏడుగురు, వద్దని అయిదుగురు చెయ్యెత్తారు. ఆంబ్రోస్ వద్దన్నవాళ్ళలో ఉన్నాడు. డెల్ఫీన్ ఆ పూట పులుసు ముట్టుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

సర్కారు వాళ్ళు మూత తియ్యలేదు. పెద్దవాళ్ళకూ, చావు భోజనాలకూ అని ముప్పై చేపలు మాత్రం ఇచ్చారు. ఆంబ్రోస్ వల మడిచి లోపల పెట్టేశాడు. చెల్లెలితో మాట మానేశాడు. కొంతమంది ఆమెను చూసి అవతలి పక్కకు తప్పుకునేవారు. బస్సెక్కే పిల్లల్లో ఒకతె, “మా నాన్న నీవల్లే చేపల్లేవన్నాడు, నిజమేనా?” అని అడిగేసింది. డెల్ఫీన్ అద్దంలోంచి ఆ పిల్లను చూసి, “చేపలెన్నున్నాయో తెలీక లేవమ్మా,” అంది. ఆ పిల్లకు ఏం అర్థమైందో ఏమో, కిటికీ వైపు తిరిగిపోయింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళక తప్పలేదు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందనీ, ఆపరేషన్ చెయ్యాలనీ చెప్పారు. అయ్యేదాకా బస్సు తాళం చేతికివ్వలేదు. ఫిబ్రవరిలో కామ్‌లూప్స్ పట్నం ఆస్పత్రిలో తేదీ దొరికింది. కట్టుతో కారు నడపకూడదు. కొరీన్ తీసుకెళ్తానంది గాని, ఆ పొద్దున్న ఇంటిముందు వచ్చి ఆగింది ఆంబ్రోస్ ట్రక్కు. హారన్ కొట్టాడు. పిలవలేదు. ఆమె ఎక్కింది. మంచు దారిలో రెండు గంటలసేపు రేడియోలో హాకీ ఆటే మాట్లాడింది.

తిరుగు దారిలో ఆమె చెయ్యి తెల్లటి కట్టుతో ఒళ్ళో ఉంది. సగం దూరం వచ్చాక అతను రేడియో కట్టేశాడు.

“నాన్నకీ ఇంతే అయ్యేది,” అన్నాడు. “వల అల్లుతూ అల్లుతూ చెయ్యి విదిలించేవాడు. గుర్తుందా?”

“గుర్తుంది.”

“ఆయనా ఎవరికీ చెప్పలేదు.” మళ్ళీ కాసేపు దారి చూశాడు. “నేను ఆ రోజు అన్న మాట... ఎవడికి తెలిసేదని. అది అనకుండా ఉండాల్సింది.”

డెల్ఫీన్ ఏడవకుండా ఉండటానికి కిటికీలోంచి బయటికి చూసింది.

ఆ సెప్టెంబరులో ఏట్లోకి దిగనంది. వెస్లీ ఇంటికొచ్చి అడిగాడు, కొరీన్ తిట్టింది. “దిగకపోతే ఆ తీగ నాకిస్తారు. నేను ముడేస్తే అది మొప్పల్లో దూరుతుంది, తర్వాత నీ ఇష్టం,” అంది. చివరికి డెల్ఫీన్ ఒక షరతు పెట్టి దిగింది. తను వేసిన ప్రతి ముడినీ ఇంకొకరు పట్టి లాగి చూడాలి. అలాగే లాగారు. నీళ్ళు చల్లగా తగిలాయి. తీగ కొస వేలికి గుచ్చుకుంది. అయినా ప్రతి చేపా తొట్టిలోంచి జారి వెళ్ళేటప్పుడు దాన్ని వెనక్కి పిలవాలనిపించేది.

ఆ ఏడు నాలుగు వందల అరవైకి కట్టారు. అయిదు వందల తొంభై చేపలు చూస్తే ఇరవై ఒక్క బిళ్ళలు కనబడ్డాయి. రంధ్రముండి బిళ్ళ ఊడింది ఒక్కటే. పన్నెండు వేల పైచిలుకని పంపారు. మరుసటి జులైలో వలలు దిగాయి. మటిల్డా పెద్దమ్మ బతికే ఉంది. పులుసులో ఉప్పు తక్కువైందని ఆంబ్రోస్‌ను అందరిముందూ కేకలేసింది.

చేపలు చీల్చే బల్ల దగ్గర అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉన్నప్పుడు ఆంబ్రోస్ కత్తి ఆపి, “ఆ ఏడు అసలెన్ని ఉండేవంటావు?” అని అడిగాడు.

ఏటి పక్కనుంచి బస్సు నడిపే ప్రతి పొద్దునా ఆమె తనను తాను అడుగుతున్న ప్రశ్నే అది. పన్నెండు వేలుండి ఊరిని పస్తు పెట్టిందా? ఏడు వేలే ఉండగా ఏటిని కాపాడిందా?

“తెలీదన్నయ్యా,” అంది. “ఇక ఎప్పటికీ తెలీదు.”

ఆంబ్రోస్ తలూపి, ఇంకో చేపను బల్ల మీదికి లాగాడు.